తారు లేని తొవ్వ కోసం దీవి దాక

రెండు నెలల సంది పాలకుర్తి బస్టాండ్ ఎదురుంగ ఉన్న హోటల్‌ల నేను చాయ్ తాగి, గ్లాసు పెట్టి, నోరు తెరవకుండ లేచి వస్తున్న. ఊర్లె పుకార్లు లేచినయి. గొంతు ఆపరేషన్ అయిందని ఒకరు, మౌనవ్రతం పట్టిండని ఒకరు. హోటల్ నర్సయ్య అయితే మొన్న నా చాయ్‌ల అల్లం ఇంత ఎక్కువ దంచి ఏసి, "పెదనాయినా, జర నయమైందా?" అని అడిగిండు. తల ఊపిన. ఏం చెప్పాలె? చెప్పే హక్కే పోయింది! పట్టపగలు, అండమాన్ సముద్రంల, మధ్యాహ్నం అన్నం తిని కునుకు తీసేంత సేపట్ల పోయింది. ఎట్ల పోయిందో చూడండి.

ముందుగాల నా సంగతి జర తెలవాలె. నాకు డెబ్బై ఒకటి. పదమూడో ఏట సైకిల్ ఎక్కిన, ఇప్పటిదాక దిగలేదు. పాలకుర్తి చుట్టుపక్కల ఊర్లల్ల నా టైరు అచ్చు పడని మట్టి తొవ్వ లేదు. చెల్కల నడుమ బండ్ల బాట కానీ, చెరువు కట్ట కానీ, జానెడు వెడల్పు పొలం ఒడ్డు కానీ, నాకు అన్నీ ఒకటే. వెనుక క్యారియర్ మీద ఒక వడ్ల బస్తా, ముందర రాడ్ మీద ఇంకో బస్తా, ఒక చేతుల గొడుగు, ఒక చేతుల బీడీ. హ్యాండిల్ ఎవరు పట్టిండ్రని అడగకండి. ఆ సైకిల్‌కు నేనంటే అంత భయం.

పెండ్లైన కొత్తల సుగుణను, అంటే నా భార్యను, వెనుక కూసుండబెట్టుకొని ఈన్నుంచి కాళేశ్వరం దాక తొక్కిన. అప్పట్ల భూపాలపల్లి దాటినంక అంత అడవే. తారు మాటే లేదు. రాళ్లు, గుంతలు, మోకాళ్ల లోతు దుమ్ము. నడిమిట్ల ఒక ఎలుగుబంటి ఎదురొచ్చి తొవ్వకు అడ్డం నిలబడ్డది. నేను దిగలేదు. బెల్లు కొట్టిన. రెండుసార్లు, ట్రింగ్ ట్రింగ్. అది పక్కకు జరిగి తొవ్వ ఇచ్చింది.

ఈ ముచ్చట హోటల్ కాడ వెయ్యిసార్లు చెప్పిన. సుగుణ లేనప్పుడే చెప్పిన. ఆమె ఉంటే, "అది ఎలుగుబంటి కాదు, నల్ల గొంగడి కప్పుకున్న గొర్ల కాపరి. పాపం, మనకు కాళేశ్వరం తొవ్వ కూడ చెప్పిండు" అంటది. ఎలుగుబంటి తొవ్వ కూడ చెప్పిందంటే నేను వద్దంటనా? నా కథకే మంచిది!

ఇప్పుడు మా దిక్కు తొవ్వలన్నీ ఖరాబైనయి. అంటే, మంచిగైనయి. గల్లీ గల్లీకి సిమెంటు రోడ్డు పడ్డది, ఊరికీ ఊరికీ మధ్య తారు పడ్డది. ఆఖరికి నా బాయి కాడికి పోయే బాటల కూడ కంకర పోసిండ్రు. సిమెంటు మీద సైకిల్ తొక్కుడంటే మంచం మీద ఈత కొట్టినట్టు. మట్టి తొవ్వ కనపడితే చాలు, నా కాళ్లు వాటంతట అవే ఆడుతయి. గట్లాంటి మనిషిని తీసుకపోయి దీవి మీద విడిచిపెట్టిండ్రు.

విడిచిపెట్టింది యాదగిరి. సుగుణ తమ్ముడు, నా బామ్మర్ది. మానుకోటల విత్తనాల దుకాణం. బోర్డుల మీద మహబూబాబాద్ అని ఉంటది గాని మేం మానుకోట అనే అంటం. మంచిగ అమ్మిన దుకాణందార్లను కంపెనీలు ఏడాదికోసారి ఎటన్న తిప్పుకొస్తయి గదా. ఈసారి ఒక కంపెనీ అండమాన్ అన్నది, ఇంట్లోళ్లు ఇద్దరిని తోలుకరావచ్చన్నది. యాదగిరి పెండ్లాం, "కాలి కింద భూమి లేకుంటే నాకు నిద్ర పట్టది, నేను రాను" అన్నది. గట్ల ఆ రెండు టికెట్లు అక్కాబావలకు దక్కినయి.

యాదగిరి మంచోడే. ఒక్కటే రోగం. నేను ఏం చెప్పినా ఫోన్ తీసి సరిచూస్తడు. నేను కాళేశ్వరం సంగతి ఎత్తితే, "ఎంత దూరం బావా? ఆగు, చూస్త" అంటడు. ముచ్చటకు దూరం చూస్తరా ఎవరన్న?

పోర్ట్ బ్లెయిర్ నుంచి పెద్ద పడవల ఒక చిన్న దీవికి తీసుకపోయిండ్రు. రెండు రోజులు అక్కడనే. ఆఖరి రోజు పొద్దుగాల టిఫిన్ కాడ కూసున్నం. మధ్యాహ్నం మూడున్నరకు తిరుగు పడవ, అదే ఆఖరుది. తెల్లారి విమానం. ఆ మరునాడే మా పొలంల యాసంగి నాట్లు. సుగుణ పదిమంది ఆడోళ్లకు మాట ఇచ్చి వచ్చింది. ఇంటి కాడికెళ్లి బయలుదేరినప్పటి సంది దినానికి మూడుసార్లు ఆ మాట మాకు యాది చేస్తనే ఉన్నది.

హోటల్ పక్కన కిరాయి సైకిళ్లు కనపడ్డయి. నేను ఊరుకుంటనా?

"రెండు సైకిళ్లు తీయి యాదగిరీ. నీకు మట్టి తొవ్వ చూపెడుత" అన్న.

యాదగిరి ఫోన్ తీసిండు. "ఏడున్నది బావా? మ్యాప్‌ల ఒక్కటే గీత ఉన్నది. జెట్టీ కాడి నుంచి అటు కొసకు. అది తారు రోడ్డే."

"మ్యాప్‌ల కనపడేది తొవ్వ ఎట్లయితది? తొవ్వ అంటే మనిషి కనుక్కునేది."

"కనుక్కో మరి. తారు ఉండొద్దు, సిమెంటు ఉండొద్దు. దిగి నూకుడు కాదు, సైకిల్ తొక్కాలె. కనీసం రెండు కిలోమీటర్లు. పోయిన తొవ్వలనే తిరిగి రావాలె. మూడున్నర పడవ అందుకోవాలె."

"కనుక్కుంటే?"

"మన పాలకుర్తి హోటల్ కాడ పదిమంది ముంగట ఎలుగుబంటి సంగతి నేనే చెప్త. నిజమే అని ఒట్టు పెట్టుకుంట."

యాభై ఏండ్ల సంది ఆ ఎలుగుబంటికి ఒక్క సాక్షి దొరకలేదు!

"కనుక్కోకపోతే?" అన్న.

"ఏడాది దాక హోటల్ కాడ నోరు విప్పొద్దు. ఒక్క ముచ్చట చెప్పొద్దు. చాయ్ తాగాలె, పోవాలె."

సుగుణ ఇడ్లీ నములుకుంట ఇద్దరినీ చూసింది. "ఇద్దరి మాట విన్న. ఎవరు గెలిచిండ్రో నేను చెప్త. గాని పడవ తప్పిందా, ఇద్దరినీ ఈన్నే విడిచిపెట్టి నేను నాట్లకు పోత."

"అక్కా, నువ్వే జడ్జివి" అన్నడు యాదగిరి.

సుగుణ సైకిల్ తొక్కది. ఇంటి నుంచి తెచ్చిన రొట్టెలు సద్ది కట్టి మాకు ఇచ్చి, బ్యాగులు తీసుకొని ఒడ్డు కాడ కూసుంట అన్నది. మేం ఎనిమిదిన్నరకు బయలుదేరినం.

ఆ సైకిల్‌కు ఇరవై ఒక్క గేర్లట. సైకిలాయన హిందీల గేర్ల సంగతి చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టిన. సైకిల్‌కు రెండే గేర్లు. ఒకటి కుడికాలు, ఒకటి ఎడమకాలు. హెల్మెట్ మాత్రం తప్పదన్నడు. నా రుమాలు మీదికెళ్లి పెట్టుకున్న. యాదగిరి ఫొటో తీసిండు. అది ఇప్పుడు మానుకోటల చానమంది ఫోన్లల్ల ఉన్నది.

మట్టి తొవ్వ పట్టుకునుడు ఒక విద్య. మ్యాప్‌తోని కాదు, పేడతోని పట్టుకోవాలె. పేడ పడ్డదంటే గొడ్లు పోతున్నయి. గొడ్లు పోతున్నయంటే బాట ఉన్నది. ఆ బాట పట్టినమా, చివరికి ఒక బాయి వస్తది, బాయి కాడ ఒక మనిషి ఉంటడు, ఆ మనిషి వెనుక ఒక ఊరు ఉంటది. ఇది పాలకుర్తి కాడ ఎన్నడూ తప్పలేదు.

తారు రోడ్డు మీద పావుగంట పోయినమో లేదో, ఎడమకు వక్క తోటలకు ఒక సన్నటి బాట దిగింది. ఎర్రమట్టి! పేడ కూడ ఉన్నది. "చూసినవా?" అన్న. తొక్కినం. రెండు మలుపులు తిరిగినంక అది ఒక ఇంటి వెనుక వాకిట్లకు పోయి ఆగింది. ఒక అవ్వ గిన్నెలు తోముతున్నది. మాకు ఆమె మాట తెలవది, ఆమెకు మా మాట తెలవది. మమ్ముల చూసి, నా హెల్మెట్ చూసి, లోపలికి పోయి రెండు గ్లాసుల నీళ్లు తెచ్చి ఇచ్చింది. తాగి వెనుకకు మర్రినం.

రెండోది అరటి తోటల నుంచి పోయింది. మంచి బాట, నీడ బాట. నేను పాట కూడ ఎత్తుకున్న. చరణం అందుకునే లోపట బాట అయిపోయింది. ఎదురుంగ సముద్రం.

మూడోసారి ఇగ పేడను కాదు, నేరుగ ఆవునే పట్టుకున్న. ఒక ఎర్రావు తాపీగ ఒక బాట పట్టి పోతున్నది. "దీనికి ఊరు తెలుసు, దీని వెంట పోదాం" అన్న. ఆవు వెంట ఇద్దరు పెద్దమనుషులం, ఇరవై ఒక్క గేర్ల సైకిళ్ల మీద, అడుగడుగుకు బ్రేకు వేసుకుంట పోయినం. అది కొబ్బరి చెట్ల నడుమ నుంచి పోయి పోయి, ఇసుకల దిగి నిలబడ్డది. ఆవు సముద్రాన్ని చూసింది. నేను ఆవును చూసిన. యాదగిరి నన్ను చూసిండు.

"మూడు తొవ్వలైనయి బావా. రెండు నీళ్లల్లకు, ఒకటి గిన్నెల్లకు."

అప్పుడు సమజైంది నాకు. మా దిక్కు ఒక ఊరు దాటితే ఇంకో ఊరు ఉంటది. తొవ్వకు పని ఉంటది. దీవిల ఊరు దాటితే ఏం లేదు! పాపం తొవ్వ మాత్రం ఎటు పోతది?

ఇంకో వింత. ఆ ఒడ్డున గొడుగు పట్టుకొని సుగుణ ముందే కూసోని ఉన్నది. తారు రోడ్డు మీద ఆటోల వచ్చిందట. ఐదు నిమిషాలు పట్టిందట.

ఆమె పక్కన ఒకాయన బోర్లించిన పడవ నీడల వల కుడుతున్నడు. పేరు అప్పన్న. వాళ్ల తాతల కాలంల శ్రీకాకుళం దిక్కు నుంచి వచ్చిండ్రట. అప్పటికే సుగుణ ఆయన పిల్లల పెండ్లిళ్ల దాక అడిగి తెలుసుకున్నది.

"ఏటి బాబూ, ఆవుని తోలుకొచ్చారా?" అన్నడు అప్పన్న.

నా కండ్లు వేరే తాన ఉన్నయి. నీళ్లు దూరం జరిగి, ఒడ్డు ఎంబడి తడి ఇసుక మెరుస్తున్నది. బస్సులు నాలుగు పక్కపక్కన పోయేంత వెడల్పు. ఒక్క గుంత లేదు, ఒక్క రాయి లేదు. దూరంగ ఒక రాళ్ల గుట్ట సముద్రంలకు ముక్కు పెట్టినట్టు ఉన్నది. దాని దాక అట్లనే సాపుగ పోయింది. చెరువు కట్ట మట్టి గట్టిదా, మెత్తదా చూడాలంటే మేం మడమతోని తంతం. తన్నిన. ఠంగ్ మన్నది! (ఇది రాసేటప్పుడు సుగుణ నా పక్కన లేదు కాబట్టి ఈ ఠంగ్ ఎవరూ కొట్టేయలేరు.)

"యాదగిరీ! తారు ఉన్నదా?"

"లేదు."

"సిమెంటు?"

"లేదు."

"తొక్కు!"

అప్పన్న వల పక్కకు పెట్టిండు. "బాబూ, అటెళ్తే తొందరగా వచ్చీండి. నీరొచ్చేస్తాది. ఒంటిగంటకల్లా ఆ రాళ్లు దాటి ఇటేపు ఉండాల."

నాకు నవ్వొచ్చింది. ఎవరికి చెప్తున్నడు! పదేండ్లు మా చెరువు నీటి సంఘానికి అధ్యక్షుడిని నేను. ఏ తూము ఎప్పుడు తీయాలె, ఏ మడికి ఎన్ని గంటలు పారాలె, మత్తడి ఎప్పుడు దుంకుతది, అన్నీ ఈ వేళ్ల మీద నడిచినయి. నాకు చెప్పకుండ నీళ్లు కదలకపోయేటియి.

"నీళ్లెక్కడికెళ్లి వస్తయి?" అన్న. "పైన ఏమన్న ప్రాజెక్టు ఉన్నదా? ఎవరన్న విడుస్తరా?"

"ఇది సముద్రం బాబూ."

"సముద్రమే. వాన లేదు, మబ్బు లేదు. ఇగ ఆటుపోట్లంటవా, అవి పున్నమికీ అమాసకూ. ఇయ్యాళ సప్తమి."

అప్పన్న సుగుణ దిక్కు చూసిండు. సుగుణ నిదానంగ చెప్పింది. "ఆయన మా ఊర్ల నీటి సంఘం అధ్యక్షుడు. పదేండ్లు."

"అలాగేటి" అని అప్పన్న మళ్ల వల అందుకున్నడు.

ఇగ ఆ తొవ్వ సంగతి ఏం చెప్పాలె! డెబ్బై ఒక్క ఏండ్లల్ల గట్లాంటి తొవ్వ తొక్కలేదు. కుడి పక్క కొబ్బరి చెట్లు, ఎడమ పక్క నీళ్లు, చక్రం కింద దుమ్ము లేదు, చప్పుడు లేదు. బాణం తీరు పోయిన. గంటకు అరవై కిలోమీటర్లకు తక్కువ ఉండది. నడుమ ఒక జాలరోళ్ల కుక్క మమ్ముల దాటి ముందుకు పోయింది, అది వేరే సంగతి. కుక్కలు ఆడ బలంగ ఉంటయి. యాదగిరి ఫోన్ చూసి, "రెండు కిలోమీటర్లు దాటింది బావా" అన్నడు. గొంతుల జర దిగులు వినపడ్డది. హోటల్ కాడ ఒట్టు పెట్టుకునే తన ముఖం తనకు కనపడ్డట్టున్నది.

రాళ్ల గుట్ట మలిగి అవతలికి పోతే చిన్న వంపు. మూడు దిక్కుల గుట్ట, పొదలు, ఒక దిక్కు సముద్రం. నీడ ఉన్నది. రొట్టెలు విప్పినం. జొన్న రొట్టె, ఎల్లిపాయ కారం. తిన్నంక నాకు కునుకు తీసే అలవాటు. అరగంటే. అది బాయి కాడైనా, అసెంబ్లీల అయినా ఆగది.

పండుకునే ముందు ఒక పని చేసిన. ఎండకు ట్యూబు పేలుతదని సైకిల్‌ను నీటి ఒడ్డున తడి మట్టిల పండబెట్టుడు నాకు అలవాటు. బాయి కాలువ పక్కన యాభై ఏండ్ల సంది పెడుతున్న, ఒక్క ట్యూబు పేలలేదు. గట్లనే ఇక్కడ కూడ నీటి ఒడ్డున తడి ఇసుకల పండబెట్టిన. యాదగిరి తన సైకిల్‌ను తీసుకపోయి రాయి మీదికి ఎక్కించిండు. "ఎందుకురా?" అంటే, "ఊకెనే" అన్నడు.

కండ్లు తెరిచేటాళ్లకు యాదగిరి నన్ను ఊపుతున్నడు.

"బావా. నీ సైకిల్ ఈత కొడుతున్నది."

లేచిన. సైకిల్ లేదు. నీళ్లల్ల నుంచి ఒక హ్యాండిల్ కొస, దాని మీద బెల్లు, అంతే. నేను పండుకున్న తావుకు బారెడు దూరంల నీళ్లు. ఉరికి పోయి సైకిల్‌ను గుంజినం. గేర్లల్ల నుంచి శేరెడు ఇసుక రాలింది. టైము ఒకటి ముప్పావు!

గుట్ట ముక్కు కాడికి పోయి అవతలికి తొంగి చూసినం. మేం వచ్చిన తొవ్వ లేదు. నాలుగు బస్సుల వెడల్పు తొవ్వ! దాని మీద సముద్రం తాపీగ పరుచుకొని ఉన్నది.

యాదగిరి ఆ నీళ్లను చూసిండు, నన్ను చూసిండు.

"తొవ్వ చూపెట్టు బావా. ఏది?"

"కిందున్నది" అన్న.

గుట్ట ఎక్కి పోదామంటే రాళ్లు నిలువుగ ఉన్నయి, పైన ముండ్ల పొదలు. ఫోన్ల సిగ్నల్ లేదు. రాయెక్కి కూసున్నం. దూరంగ ఒడ్డు మీద సుగుణ గొడుగు బొట్టంత కనపడుతున్నది. నేను చెయ్యి ఊపిన. ఆమె చెయ్యి ఊపింది. ఇద్దరం లేచి రెండు చేతులూ ఊపినం. ఆమె కూడ లేచి రెండు చేతులూ ఊపింది. మళ్ల కూసున్నది. మేం సంబురపడుతున్నం అనుకున్నదట!

రెండయింది. రెండుంపావు అయింది. నీళ్లు రాయి మొదట్ల తాకుతున్నయి. యాదగిరి నా మోచెయ్యి గట్టిగ పట్టుకున్నడు. వానికి ఈత రాదు. నాకు వస్తది, బాయిల. బాయికి నాలుగు దిక్కుల గోడ ఉంటది, ఎటు కొట్టినా ఏదో ఒకటి చేతికి తాకుతది. ఇక్కడ అటు దిక్కు గోడ ఏ దేశంల ఉన్నదో!

ఈ ఒక్కసారి ఉన్నదున్నట్టు చెప్త. నాకు మునుగుడంటే అంత భయం కాలేదు. మునిగితే ఈ ముచ్చట హోటల్ కాడ ఎవరు చెప్తరు అని భయమైంది. యాదగిరి బతికి నేను పోతే, వాడు చెప్తడు. దూరాలు సరిచూసి మరీ చెప్తడు. "మా బావ సైకిల్‌ను నీళ్ల పక్కన పెట్టి పండుకున్నడు, మునిగిండు" అని ఒక్క ముక్కల చెప్పి చాయ్ తాగుతడు. నా బతుకంత ఒక్క ముక్క!

"బావా" అన్నడు యాదగిరి సన్నగ. "బెల్లు కొట్టు."

"ఏందీ?"

"ఎలుగుబంటికి కొట్టినవు గదా. కొట్టు."

ఎక్కిరిస్తున్నడా అని ముఖం చూసిన. లేదు. వాని కండ్లు నీళ్ల మీదనే ఉన్నయి. పాపం, ఆ ఒక్క గడియ వాడు నా ఎలుగుబంటిని నమ్మిండు.

కొట్టిన. ట్రింగ్ ట్రింగ్. ఉప్పునీళ్లు తాగి గొంతు జర బొంగురుపోయింది గాని మోగింది. ఆగి మళ్ల కొట్టిన. ట్రింగ్ ట్రింగ్. గాలి మా కాడికెళ్లి ఒడ్డు దిక్కే పోతున్నది. నీళ్ల మీద చప్పుడు దూరం పోతదంటరు. నా బెల్లు మానుకోట దాక వినపడి ఉంటది.

ఒడ్డు మీద గొడుగు లేచింది. ఈసారి చేతులు ఊపలేదు. అప్పన్న కాడికి పోయింది.

సుగుణ ఆయనతోని ఏమన్నదో తరువాత అప్పన్ననే చెప్పిండు. "ఆయన బెల్లు రెండుసార్లు కొట్టిండంటే భయపడ్డట్టు. భూపాలపల్లి అడవిల గూడ గిట్లనే కొట్టిండు. జర పోయి తోలుకరా అన్నా" అన్నదట.

అప్పన్న లుంగీ ఎగగట్టి నీళ్లల్ల దిగి వచ్చిండు. ఉరకలేదు, ఈదలేదు. నడిచి వచ్చిండు. నేనైతే ఆ మనిషికి ఎనిమిది అడుగుల ఎత్తు ఉంటదనుకున్న. లేకుంటే ఆ సముద్రంల నడిచేది ఎట్ల?

"రండి బాబూ. ఇయ్యేళ తక్కువే. సప్తమి కదా" అన్నడు.

ఆ మాట ఆయన నవ్వకుండ అన్నడు. అది ఇంకా కష్టంగ అనిపించింది.

ఒక సైకిల్ భుజం మీద ఏసుకొని, ఒక చెయ్యి నాకు ఇచ్చిండు. యాదగిరి తన సైకిల్ నెత్తి మీద పెట్టుకొని నా చొక్కా పట్టుకున్నడు. దిగినం. ఇగ వినండి. నడి సముద్రం. కాలి కింద ఇసుక జారుతున్నది. సొరచేపలు ఉన్నయో లేవో చూసే తీరిక లేదు. సగం తొవ్వల తాటిచెట్టంత అల ఒకటి లేచింది. వచ్చి నా రొమ్ము మీద తన్నింది. హెల్మెట్ లేకుంటే ఇయ్యాళ ఇది రాసేటోడు లేకపోయేటోడు. మెడదాక నీళ్లు! మెడదాక నీళ్లల్ల, అల మీద అల వస్తుంటే, అప్పన్న చెయ్యి విడవకుండ, యాదగిరిని వెనుక గుంజుకుంట, రెండు కిలోమీటర్లు నడిచి ఒడ్డు ఎక్కిన.

సుగుణ తువ్వాల ఇచ్చింది. "మూడుంపావు అయింది. ఆటో ఆపి పెట్టిన" అన్నది. అంతే.

తారు రోడ్డు మీద ఐదు నిమిషాలు. సైకిలాయన సైకిల్‌ను అటు ఇటు తిప్పి చూసి, బెల్లు మూత విప్పిండు. లోపలి నుంచి ఒక చిన్న ఎండ్రకాయ దిగి నడుచుకుంట పోయింది. పడవ అందింది.

పడవల తడి బట్టల కింద ప్లాస్టిక్ కవరు ఏసుకొని కూసున్నం. యాదగిరికి ఒడ్డెక్కినప్పుడే ధైర్యం కూడ తిరిగొచ్చింది.

"అక్కా, తీర్పు చెప్పు."

నేను లేచి నిలబడి వాదించిన. "తొవ్వ కనుక్కున్ననా, లేదా? తారు లేదు. రెండు కిలోమీటర్లు దాటిందని వీని ఫోనే చెప్పింది. పడవ అందుకున్ననా, లేదా?"

"కనుక్కున్నవు. అందుకున్నవు" అన్నది సుగుణ.

"ఇగ ఏముంది మరి!"

"పోయిన తొవ్వలనే తొక్కి రావాలె అన్నరు. నువ్వు తొక్కుకుంట పోయినవు, అప్పన్న చెయ్యి పట్టుకొని వచ్చినవు. సైకిల్ ఆయన భుజం మీద వచ్చింది."

"తొవ్వ మునిగితే నా తప్పా?"

"ఒంటిగంటకు రమ్మని ఆయన చెప్పిండు. నువ్వు పైన ప్రాజెక్టు ఉన్నదా అన్నవు."

పడవల పక్కన కూసున్నోళ్లకు తెలుగు రాదు, అదొక్కటే మంచిదైంది. యాదగిరి చెయ్యి చాపిండు. కలిపిన. మాట మాటే.

నాట్లు టైముకు పడ్డయి. గాని హోటల్ కాడ నా బతుకు అడగకండి. ప్రతి ఆదివారం యాదగిరి మానుకోట నుంచి బస్సెక్కి పాలకుర్తి వస్తున్నడు. అక్కను చూడనీకి వస్తున్న అంటడు. అక్క ఇంట్ల ఉంటది, వీడు హోటల్‌ల ఉంటడు. నా ఎదురుంగ బల్ల మీద కూసోని ఈ ముచ్చట చెప్తడు. ఎంత చప్పగ చెప్తడో! తాటిచెట్టంత అల లేదు. సొరచేపల ఊసు లేదు. "నీళ్లు మోకాళ్ల దాక ఉండె" అంటడు. మోకాళ్ల దాకనా! నర్సయ్య నా దిక్కు చూస్తడు, నిజమేనా పెదనాయినా అన్నట్టు. నేను మెడ మీద చెయ్యి పెట్టి చూపెడుత, ఇంత దాక అని. "అయ్యో, గొంతు ఇంకా నొస్తున్నదా?" అని ఇంకో అల్లం చాయ్ పెడుతడు.

అందుకే ఇది రాసిన. నోరు విప్పొద్దన్నడు గాని, కలం విప్పొద్దని ఎవరూ అనలేదు. రాసినంక జడ్జికి చూపెట్టాలె గదా, సుగుణకు ఇచ్చిన. అద్దాలు పెట్టుకొని అంత చదివింది. ఎలుగుబంటి కాడ ఒకసారి ఆగింది, మళ్ల ముందుకు పోయింది. ఠంగ్ కాడ నవ్వింది. మెడ కాడికి వచ్చినంక పెన్ను అడిగింది.

"మోకాళ్ల దాక కూడ కాదు. పిక్కల దాకనే" అని కొట్టేయబోయింది.

నేను కాగితం గుంజుకున్న. బేరం ఆడినం. నేను మెడ నుంచి రొమ్ముకు దిగిన, ఆమె పిక్కల కాడికెళ్లి కదలలేదు. ఆఖరికి, "పోనీ, నడుము దాక. దీనికన్న కిందికి నేను దిగ" అన్న.

సుగుణ అద్దాలు తీసి మడిచింది.

"నడుము దాక అంటే నిజమే" అని పెన్ను తిరిగి ఇచ్చింది. "అల తాకి నువ్వు కూలబడ్డవు గదా. కూసున్నంక నడుము దాకనే వచ్చినయి."